పనిలో పనిగా: ఒకే మత్తులో పలు దేహాకృతి శస్త్రచికిత్సలు, కోనసీమ సందర్భం

దేహాకృతి శస్త్రచికిత్స అన్న పేరు కింద, ప్రాణానికి ముప్పేమీ లేకపోయినా శరీరపు రూపురేఖలు సవరించుకోవడానికి చేయించుకునే ఆపరేషన్లు అనేకం వస్తాయి. చర్మం కింది కొవ్వును సన్నని గొట్టంతో పీల్చివేసే లైపోసక్షన్, పొట్ట మీద వేలాడే చర్మాన్నీ కొవ్వునూ కోసి తీసి, ఎడమైన కండరాలను దగ్గరకు లాగి కుట్టే అబ్డామినోప్లాస్టీ, అంటే వాడుకలో టమ్మీ టక్, రొమ్ముల బరువు తగ్గించేవీ, జారినవాటిని పైకి ఎత్తేవీ, జబ్బలకూ తొడలకూ వేలాడే చర్మాన్ని తీసేవీ, నడుము చుట్టూ కోసి కింది దేహాన్నంతా పైకి లాగే బాడీ లిఫ్టూ వీటిలో ముఖ్యమైనవి. ఇవేవీ బరువు తగ్గించే చికిత్సలు కావు. బరువు తగ్గాక మిగిలినదాన్నో, కాన్పులు మిగిల్చినదాన్నో సరిచేసేవి. ఒక్కొక్క ఆపరేషన్ ఎలా చేస్తారన్నది వైద్య గ్రంథాల విషయం. వాటిలో రెండిటినో మూడిటినో కలిపి ఒకే మత్తులో ముగించుకోవాలా, విడతలుగా చేయించుకోవాలా అన్నది మాత్రం చాలాసార్లు ఇంట్లో, సెలవు తేదీలనూ చేతిలో ఉన్న డబ్బునూ ముందు పెట్టుకుని తేలే విషయం కాబట్టి, దాన్ని సామాన్య పాఠకుల ముందుంచి విచారించడమే ఈ వ్యాసం పని.

కలపాలన్న కోరిక ఎంత సహజమో తెలుగు నుడికారమే చెబుతుంది. “పనిలో పనిగా అదీ కానిచ్చెయ్యండి”, “ఎలాగూ కోస్తున్నారు కదా” అన్న మాటలు వినని సర్జన్ గోదావరి జిల్లాల్లో ఉండరు. ఒకటే మత్తు, ఒకటే గది అద్దె, ఒకసారే సెలవు, ఒకసారే పథ్యం, ఇరుగుపొరుగుకు చెప్పుకోవలసిన సంజాయిషీ కూడా ఒకసారే. ఈ లెక్కలో తప్పు లేదు. పైగా ఆంధ్రదేశంలో అందరికీ తెలిసిన జంట ఆపరేషన్ ఒకటి ఈ లెక్క మీదే నిలబడి ఉంది: రెండో సిజేరియన్ చేస్తూ అదే కోతలోంచి కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్ కూడా చేసేయడం. 2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో కాన్పుల్లో 42.4 శాతం సిజేరియన్లు. వివాహిత స్త్రీలలో 69.6 శాతం మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవారు. ఈ రెండు అంకెలు కలిసే చోట జంట ఆపరేషన్ మామూలు సంగతి అయిపోయింది.

ఆ జంట ఎందుకు కుదిరిందో నిదానంగా చూస్తే, తక్కిన జంటలను తూచే తక్కెడ దొరుకుతుంది. సిజేరియన్‌లో పొట్ట అప్పటికే తెరిచి ఉంటుంది, నాళాలు కళ్ల ముందే ఉంటాయి, వాటిని కట్టి కత్తిరించడానికి కొద్ది నిమిషాలు చాలు, కొత్త గాయం ఉండదు, చెప్పుకోదగ్గ రక్తం పోదు, కోలుకునే రోజులు ఒక్కటి కూడా పెరగవు. అంటే రెండో పని మొదటి పని నీడలోనే జరిగిపోతుంది. కాబట్టి కలపడం మంచిదా కాదా అని అడిగేటప్పుడు ఆపరేషన్లు ఎన్ని అని లెక్కపెట్టడం వృథా. కాలం ఎంత పెరిగింది, గాయపు వైశాల్యం ఎంత పెరిగింది, రక్తం ఎంత పోయింది, పడక ఎంత బరువైంది అన్నవే అడగవలసినవి.

ఇదే తక్కెడలో సిజేరియన్‌తో పాటు టమ్మీ టక్ అన్న కోరికను వేస్తే అది తేలిపోతుంది. నెలలు నిండిన గర్భాశయం పొట్టగోడను సాగదీసి ఉంటుంది కాబట్టి ఎంత చర్మం మిగులో ఆ రోజు ఎవరూ చెప్పలేరు. కాన్పు తర్వాత కొన్ని వారాల్లో చర్మమూ కండరమూ తమంతట తాము ఎంతో కొంత వెనక్కి వస్తాయి. బాలింత రక్తం మామూలు రోజుల కంటే తేలికగా గడ్డకట్టే గుణంతో ఉంటుంది. పైగా బిడ్డను ఎత్తుకుని పాలివ్వవలసిన తల్లి, నడుము వంచుకుని వారాలపాటు బరువెత్తకుండా ఉండవలసిన రోగి, ఒకే మనిషి అవుతుంది. కాన్పు తర్వాత పాత చీరతో పొట్టకు బిగుతుగా నడికట్టు కట్టే పెద్దలు ఎడమైన కండరాలను కలపలేకపోవచ్చు గాని, ఆగాలన్న విషయంలో మాత్రం వారిదే సరైన వైద్యం. పాలు మాన్పించి, బరువు కొన్ని నెలలు ఒకేచోట నిలిచాక, ఇక పిల్లలు వద్దనుకున్నాకనే పొట్ట సంగతి ఎత్తుకోవాలని ప్లాస్టిక్ సర్జన్లు చెబుతారు.

దీనికి భిన్నంగా, కలపడమే న్యాయమనిపించే సందర్భం హెర్నియాది. వాడుకలో గిలక అనే ఈ జబ్బులో పొట్టగోడ బలహీనపడిన చోటునుంచి లోపలి పేగో కొవ్వో బయటికి తోసుకువస్తుంది. రెండు మూడు ఆపరేషన్లు అయిన పొట్టలో పాత కుట్టు దారినే అది రావడం సర్వసాధారణం. దాన్ని సరిచేయడానికి చర్మాన్ని పైకి లేపి కండరాల పొరను బయటపెట్టాలి, టమ్మీ టక్‌కూ అదే చేయాలి. పొట్ట మధ్యగా నిలువునా ఉండే రెండు కండరాల పట్టీలు కాన్పులకు ఎడమైపోయిన డయాస్టాసిస్ అనే స్థితి కూడా చాలామందిలో దానితో కలిసే ఉంటుంది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో స్త్రీరోగ వైద్యుడు హోవర్డ్ కెల్లీ 1899లో చేసిన పొట్ట చర్మం తొలగింపును టమ్మీ టక్‌కు తొలి మెట్లలో ఒకటిగా చెబుతారు. సౌందర్యం ఒకవైపు, చికిత్స ఒకవైపు అన్న విభజన ఈ ఆపరేషన్‌కు పుట్టుకతో వచ్చింది కాదని దీనివల్ల తెలుస్తుంది. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. హెర్నియాకు ప్రభుత్వ ఆరోగ్య పథకమో బీమానో డబ్బు ఇస్తుంది. సౌందర్య శస్త్రచికిత్సను భారతదేశపు ఆరోగ్య బీమా పాలసీలు స్పష్టంగా మినహాయిస్తాయి. అందువల్ల ఒకే కోతకు రెండు బిల్లులు వస్తాయి, ఏ భాగం ఎందులోకి వస్తుందో ముందుగానే కాగితం మీద తేల్చుకోని కుటుంబం గొడవ పడేది డిశ్చార్జి రోజునే.

గర్భసంచి తీయడంతో టమ్మీ టక్ కలపడం ఇంతకంటే చిక్కైన సంగతి. గర్భసంచి ఆపరేషన్లు అత్యధికంగా జరిగే రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల లోపు స్త్రీలలో దేశం మొత్తం మీద సుమారు 3 శాతం మందికి జరిగితే ఇక్కడ సుమారు 9 శాతం మందికి జరిగింది. ఆ తొమ్మిదిలో నిజంగా అవసరమైనవి ఎన్ని అన్నది వేరే వ్యాసానికి తగిన విషయం, చెప్పవలసిన విషయం కూడా. ఇక్కడికి కావలసినది ఇంతే: పొట్ట లోపలి ఆపరేషన్‌ను పొట్ట పైపొర ఆపరేషన్‌తో కలిపినప్పుడు కాలి సిరల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు ఎగదన్నే ప్రమాదం పెరుగుతుంది. అనేక అధ్యయనాలను కలిపి చూసిన 2010 నాటి ఒక సమీక్ష ప్రకారం ఆ ప్రమాదం టమ్మీ టక్ ఒక్కటే అయితే 0.35 శాతం, ఇంకో ప్లాస్టిక్ సర్జరీతో కలిస్తే 0.79 శాతం, కడుపు లోపలి ఆపరేషన్‌తో కలిస్తే 2.17 శాతం, నడుము చుట్టూ పూర్తిగా కోసే రకంలో 3.40 శాతం. “గర్భసంచి తీస్తున్నారు, పొట్ట కూడా తగ్గించెయ్యమందాం” అని ఇంట్లో అనుకునేటప్పుడు ఈ మొదటి అంకె నుంచి మూడో అంకెకు దూకుతున్నామన్న సంగతి ఎవరికీ తట్టదు.

అంకెలను భయపెట్టడానికి వాడడం ఎంత తప్పో, ధైర్యం చెప్పడానికి వాడడమూ అంత తప్పే. అమెరికాలో సౌందర్య శస్త్రచికిత్సల చిక్కులకు బీమా ఇచ్చే ఒక పథకంలో నమోదైన 25,478 టమ్మీ టక్‌లను పరిశీలించి 2015లో ప్రచురించిన అధ్యయనం ఈ రంగంలో తరచు పేర్కొనేది. మళ్లీ ఆసుపత్రికి పరుగెత్తవలసి వచ్చేంత పెద్ద చిక్కులు మొత్తం మీద 4 శాతం. టమ్మీ టక్ ఒక్కటే చేసినవారిలో 3.1, లైపోసక్షన్‌తో కలిపితే 3.8, రొమ్ము ఆపరేషన్‌తో కలిపితే 4.3, ఆ రెండూ కలిపితే 4.6. ఇక్కడి వరకు మెట్లు చిన్నవే. మూడు పనులను మూడు విడివిడి మత్తుల్లో చేస్తే మూడుసార్ల ప్రమాదమూ కలుపుకోవాలి కాబట్టి, కలపడమే మేలని వాదించేవారికి ఈ అంకెలు బలమే ఇస్తాయి. కాని చేతులు, తొడలు, నడుము వంటి ఇంకో దేహభాగపు కోత తోడైతే అది 6.8కి, దానికి లైపోసక్షన్ కూడా చేరితే 10.4కి ఎగబాకింది. అంటే జారుడు ఒకేలా లేదు. ఒక చోట నేల ఒక్కసారిగా లోతైపోతుంది. గోదావరిలో స్నానానికి దిగేవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఆ లోతు ఎక్కడ మొదలవుతుందో చెప్పే కొలతల్లో గడియారం ఒకటి. 1,753 ప్లాస్టిక్ సర్జరీలను పరిశీలించి 2014లో వెలువడిన అధ్యయనం, సుమారు మూడు గంటలు, కచ్చితంగా చెప్పాలంటే 3.1 గంటలు దాటాక చిక్కులు గణనీయంగా పెరుగుతున్నాయని చూపింది. కారణాలు అర్థం కానివేమీ కావు: మత్తులో కదలని కాళ్లలో రక్తం నెమ్మదిస్తుంది, విప్పి ఉంచిన శరీరం చల్లబడుతుంది, చల్లబడిన రక్తం గడ్డకట్టవలసిన చోట సరిగా గడ్డకట్టదు, గాయం తెరిచి ఉన్నంతసేపూ ద్రవం ఆవిరవుతుంది, సర్జన్ చేతులూ అలసిపోతాయి. ఇద్దరు సర్జన్లు ఒకేసారి చెరోవైపు పనిచేస్తే గంటలు తగ్గుతాయి గాని, పోయే రక్తం తగ్గదు. ఇక్కడి స్త్రీల రక్తం సంగతి మరవకూడనిది: పైన చెప్పిన సర్వేలోనే ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది, 36.3 శాతం మంది ఉండవలసినదానికంటే బరువెక్కువ. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండడం అరుదేమీ కాదు. పొట్ట, రొమ్ములు, జబ్బలు ఒకేసారి చేయించుకోవాలని వచ్చిన మనిషికి హిమోగ్లోబిన్ తొమ్మిది ఉంటే, ఏయే ఆపరేషన్లు కలపాలన్న చర్చ ఆపి ఇనుము మాత్రలో ఇంజెక్షన్లో మొదలుపెట్టి కొన్ని వారాల తర్వాత రమ్మనే సర్జనే మంచి సర్జన్.

గాయపు విస్తీర్ణం సంగతి డెల్టా ప్రజలకు వేరే చిత్రపటం లేకుండానే చెప్పవచ్చు. టమ్మీ టక్‌లో బొడ్డు దిగువ చర్మాన్ని తీసేశాక, పై చర్మాన్ని పక్కటెముకల దాకా అడుగునుంచి విడదీసి కిందికి లాగి కుడతారు. ఆ దుప్పటి వంటి చర్మానికి అడుగునుంచి రావలసిన రక్తనాళాలు చాలావరకు తెగిపోయాయి కాబట్టి, అంచున ఉన్న భాగం పక్కలనుంచీ పైనుంచీ వచ్చే రక్తం మీదే బతకాలి. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి బయలుదేరిన కాలువకు శివారు ఆయకట్టు ఎలాగో, పొట్ట చర్మానికి ఆ కింది అంచు అలాగ. ఎగువన ఏ చిన్న అడ్డు పడ్డా ముందు ఎండేది శివారు చేలే. అదే పూట పైపొట్ట మధ్యభాగంలో లైపోసక్షన్ గొట్టం విచ్చలవిడిగా ఆడించడమంటే ఎగువ కాలువకు గండి కొట్టడమే. పక్కటెముకల కింద పిత్తాశయం కోసం పూర్వం చేసిన పొడవైన కోత మచ్చ ఉన్నా, రోగికి చుట్ట, సిగరెట్ అలవాటున్నా, చక్కెర వ్యాధి అదుపులో లేకపోయినా ఆ నీరు మరింత సన్నబడుతుంది. చర్మాన్ని మధ్యలో తక్కువగా విడదీసి, నాళాలను కాపాడుతూ రెండు పనులూ కలిపి చేసే పద్ధతులు గత పాతికేళ్లలో వచ్చాయి. వాటిని నేర్చినవారు చేస్తే ఆ జంట నిలుస్తుంది. కాబట్టి “లైపో, టమ్మీ టక్ కలిపి చేస్తారా” అని అడిగే రోగి “చర్మాన్ని ఎంతమేర లేపుతారు, పీల్చేది ఎక్కడెక్కడ” అని కూడా అడగాలి.

లైపోసక్షన్ చిన్న రంధ్రాల ఆపరేషన్ కావడంతో దాన్ని లెక్కలోకి తీసుకోని వారెక్కువ. ఇటలీలో జార్జియో ఫిషర్ 1974 ప్రాంతంలో మొదలుపెట్టిన పనిని ఫ్రాన్స్‌లో ఈవ్ జెరార్ ఇల్లూజ్ 1977లో మొద్దు మొన గొట్టంతో సురక్షితం చేశారు. 1980లలో అమెరికా చర్మవైద్యుడు జెఫ్రీ క్లైన్, ఉప్పునీటిలో స్పర్శ పోగొట్టే లిడోకెయిన్, రక్తనాళాలను ముడిచే అడ్రినలిన్ కలిపి కొవ్వులోకి ముందుగా ఎక్కించే ట్యూమసెంట్ పద్ధతి తెచ్చాక రక్తస్రావం బాగా తగ్గింది. కాని కొవ్వులో నిలిచిన ఆ లిడోకెయిన్ రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరేది ఆపరేషన్ బల్ల మీద కాదు, పది పన్నెండు గంటల తర్వాత. పొద్దున్న ఆపరేషన్ అయినవారికి ఆ ఘడియ రాత్రి పొద్దుపోయాక వస్తుంది. పీల్చే పరిమాణం అయిదు లీటర్లు దాటితే దాన్ని భారీ లైపోసక్షన్‌గా లెక్కించి రాత్రంతా ఆసుపత్రిలో ఉంచి చూడాలన్నది అమెరికా ప్లాస్టిక్ సర్జన్ల సంఘం సలహా. ఫ్లోరిడా రాష్ట్రం క్లినిక్కులకు పెట్టిన నిబంధన ఇంకా సూటిగా ఉంటుంది: లైపోసక్షన్ ఒక్కటే అయితే నాలుగు లీటర్ల వరకు, మరో ఆపరేషన్‌తో కలిపితే ఒక్క లీటరే. కలపడం వద్దని చట్టం అనలేదు. కలిపితే పరిమాణం నాలుగో వంతుకు దించమంది.

ప్రముఖుల మరణాలు ఈ చర్చలోకి తప్పక వస్తాయి, వాటిని జాగ్రత్తగా వాడుకోవాలి. తెలుగు ప్రేక్షకులు ఎంతగానో అభిమానించిన నటి ఆర్తీ అగర్వాల్ 2015 జూన్ 6న న్యూజెర్సీలో మరణించినప్పుడు, అంతకు కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకున్నారని పత్రికలు రాశాయి. ఆ వార్త నుంచి కారణకార్య సంబంధం తీయడం తగదు, కలిపి చేసే ఆపరేషన్ల గురించి అది చెప్పేదీ లేదు. నిజంగా ఈ విషయానికి చెందినది అమెరికా గాయకుడు కాన్యే వెస్ట్ తల్లి, ఆంగ్ల అధ్యాపకురాలు డోండా వెస్ట్ ఉదంతం. యాభై ఎనిమిదేళ్ల వయసులో 2007 నవంబరు 9న లైపోసక్షన్, టమ్మీ టక్, రొమ్ముల తగ్గింపు ఒకేసారి చేయించుకుని ఇంటికి వెళ్లి, మర్నాడే ఆమె మరణించారు. గుండె రక్తనాళాల్లో ముందునుంచే ఉన్న వ్యాధి, ఆపరేషన్ తర్వాతి పలు అంశాలు కలిసి మరణానికి దారితీశాయని శవపరీక్ష నివేదిక చెప్పింది. దాని ఫలితంగా, సౌందర్య శస్త్రచికిత్సకు ముందు శారీరక పరీక్షను తప్పనిసరి చేస్తూ కాలిఫోర్నియా 2009లో ఆమె పేరుతో చట్టం చేసింది. ఆ ఉదంతంలో గమనించవలసినవి రెండు: ఆపరేషన్‌కు ముందు గుండె సంగతి, ఆపరేషన్ తర్వాత మొదటి రాత్రి ఆమె ఉన్న చోటు.

ఆ చోటు అన్న మాట కోనసీమకు వచ్చేసరికి బరువెక్కుతుంది. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల మధ్య, సముద్రానికి ఎదురుగా ఉన్న ఈ గడ్డ మీద ఈనాటికీ రైలు లేదు. కోటిపల్లి నుంచి నరసాపురం వేయవలసిన లైను వంతెన స్తంభాల దగ్గర దశాబ్దాలుగా సాగుతూనే ఉంది. అమలాపురంలో వైద్య కళాశాల ఉంది, మామూలు శస్త్రచికిత్సలకు లోటు లేదు. అయితే దేహాకృతి ఆపరేషన్లకు ఎక్కువమంది వెళ్లేది విశాఖకో, విజయవాడకో, హైదరాబాదుకో. రాజోలు నుంచి విశాఖ వెళ్లిన మనిషి బోడసకుర్రు వంతెన మీద వైనతేయను దాటి తిరిగి వచ్చేసరికి సర్జన్ రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉంటాడు. కొత్తపేటవారికి రావులపాలెం మీదుగా రాజమహేంద్రవరం దగ్గరే గాని, లంక గ్రామాలవారికి వరద నెలల్లో పడవే దారి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన రోజుల్లో కాజ్‌వేలు మునిగి ఊళ్లకు ఊళ్లే తెగిపోయాయి. కలిపి చేయించుకునే పెద్ద ఆపరేషన్‌ను ఆషాఢ శ్రావణాల్లో పెట్టుకోరాదన్నది ఏ వైద్య గ్రంథంలోనూ ఉండదు. ఇక్కడి సర్జన్ మాత్రం ఆ మాట చెప్పగలగాలి.

రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని తూచడానికి అమెరికా సర్జన్ జోసెఫ్ కాప్రిని పేరుమీద ఒక పట్టిక వాడుకలో ఉంది. ముప్పావుగంట దాటిన ఆపరేషన్‌కు రెండు మార్కులు, నలభై ఒకటి నుంచి అరవై ఏళ్ల వయసుకు ఒకటి, అధిక బరువుకు ఒకటి, కాళ్ల వాపుకు ఒకటి, ఉబ్బిన సిరలకు ఒకటి, గర్భనిరోధక మాత్రలకు ఒకటి. నలభై అయిదేళ్ల, కాస్త ఒళ్లున్న, సాయంత్రానికి పాదాలు వాచే గృహిణికి కూర్చోగానే అయిదు మార్కులు వచ్చేస్తాయి; అయిదంటే ఆ పట్టికలో అధిక ప్రమాదం, రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ జాతి సూదిమందు గురించి ఆలోచించవలసిన స్థితి. కోనసీమలో దీనికి ఇంకో ముడి ఉంది. గోదావరి డెల్టా బోదకాలుకు పేరుమోసిన నేల. దోమకాటుతో చేరిన ఫైలేరియా పురుగులు శోషరస నాళాలను దెబ్బతీసి కాలును వాచేలా చేస్తాయని ఇక్కడ పిల్లలకూ తెలుసు. అందువల్ల ఆపరేషన్ అయిన వారానికి ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పుడితే, “బోద దిగుతోందేమో” అని ఉప్పునీళ్ల కాపడం పెట్టి ఊరుకునే ప్రమాదం బయటి ఊళ్లకంటే ఇక్కడ ఎక్కువ. ఒకవైపే వాచిన పిక్క సిరలో గడ్డకట్టిన రక్తానికి గుర్తు కావచ్చు. దానికి కాపడం పనికిరాదు, మర్దనా అసలే పనికిరాదు, అదే పూట డాప్లర్ పరీక్ష కావాలి. తొడ లోపలి చర్మం తీసే ఆపరేషన్ గజ్జల్లోని శోషరస మార్గాలకు చేరువగా జరుగుతుంది కాబట్టి, బోద చరిత్ర ఉన్న ఇంట్లో దాన్ని మరో ఆపరేషన్‌కు తోకగా తగిలించడం తెలివైన పని కాదు.

ఇక ఇంటి సంగతి. టమ్మీ టక్ అయిన మనిషి మొదటి వారం పదిరోజులు నిటారుగా నిలబడకూడదు, కుట్టు మీద లాగుడు పడుతుంది. నడుము వంచి నడవాలి, పడుకున్నా తల కింద, మోకాళ్ల కింద దిండ్లు ఎత్తుపెట్టుకోవాలి. మధ్యలో కుంగిన నవారు మంచం చూడ్డానికి అందుకు అనువుగానే ఉంటుంది గాని, దాని మీంచి లేవడమే గండం. పొట్ట బిగించకుండా లేవాలంటే రెండు చేతులు ఆనించి ఒక పక్కకు ఒరిగి లేవాలి. అదే పూట రెండు జబ్బలకూ ఆపరేషన్ అయి ఉంటే ఆనించడానికి చేతులు ఉండవు. తొడలకు అయి ఉంటే మోకాళ్లు మడవడమూ కూర్చునే మరుగుదొడ్డీ రెండూ కష్టమే. చర్మం కింద చేరే నీటిని బయటికి తీసే డ్రెయిన్ గొట్టాల చివర బుడ్డిని పూటపూటా ఒంపి ఎన్ని మిల్లీలీటర్లో రాసుకోవాలి. రోజుకు ముప్పై లోపుకు దిగితేనే సాధారణంగా తీస్తారు. ఆపైన నెల పైబడి బిగుతు దుస్తు వేసుకోవాలి, ఉక్కపోతకు పేరుబడ్డ ఈ తీరంలో వైశాఖమాసంలో దాన్ని భరించడం మాటల్లో చెప్పేది కాదు. ఏ రెండు ఆపరేషన్లను కలపాలో తేల్చడానికి ఇది మంచి పరీక్ష: ఒక గాయం కోలుకోవడానికి కావలసిన అవయవాన్ని రెండో గాయం పనిలేకుండా చేస్తుందా? పొట్టా రొమ్ములూ కలిసి ఈ పరీక్ష చాలావరకు నెగ్గుతాయి, రెండింటికీ వెల్లకిలా పడుకోవడమే కాబట్టి. పొట్టా పిరుదులూ నెగ్గవు. పిరుదుల్లోకి కొవ్వు ఎక్కించడం కండరంలోకి పోతే కొవ్వు తునకలు పెద్ద సిరల్లో చేరి ప్రాణం తీస్తాయని అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు 2018లో గట్టిగా హెచ్చరించినదాన్ని పక్కన పెట్టినా నెగ్గవు.

శస్త్రచికిత్సతో జీర్ణకోశం చిన్నది చేయించుకుని యాభై అరవై కిలోలు తగ్గినవారిది వేరే కోవ. వారికి చర్మం అన్ని వైపులా వేలాడుతుంది, మాంసకృత్తులూ ఇనుమూ బి12 విటమిన్ లోపించి ఉంటాయి, కలపాలన్న తహతహా వారికే ఎక్కువ, కలపకూడనిదీ వారికే ఎక్కువ. బరువు నిలవడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగి, ఆపై మూడు నుంచి ఆరు నెలల ఎడంతో విడతలు వేయడమే వాడుక.

ఎవరు తేల్చాలన్న ప్రశ్నకు చట్టం ఒక జవాబు చెప్పింది. సమీరా కోహ్లీ కేసులో 2008 జనవరిలో సుప్రీంకోర్టు, పరీక్ష కోసం మత్తిచ్చిన స్త్రీకి ఆమె తల్లి సంతకం తీసుకుని గర్భసంచీ అండాశయాలూ తొలగించడం చెల్లదని తీర్పునిచ్చింది. ప్రాణాపాయం లేనప్పుడు, మేజరైన మనిషి స్పృహలో ఉండి ముందుగా ఇచ్చిన అనుమతి తప్ప ఇంకెవరి అనుమతీ అనుమతి కాదు; ఒక పనికి ఇచ్చినది ఇంకో పనికి వర్తించదు. దేహాకృతి శస్త్రచికిత్సకు ఇది అక్షరాలా వర్తిస్తుంది. భర్తో అన్నో సంతకం పెట్టే అలవాటున్న ఇళ్లలో, “లోపలికెళ్లాక చూసి చేతులు కూడా చేసేద్దాం” అనే క్లినిక్కుల్లో, అనుమతి పత్రం మీద ఒక్కొక్క ఆపరేషన్ పేరు, అది తోడైనందుకు పెరిగే గంటలు, ఏ పరిస్థితిలో మధ్యలోనే ఆపేస్తారన్నది విడివిడి వరుసల్లో ఉండాలి. ఆపేస్తే డబ్బు ఎంత వెనక్కి ఇస్తారో కూడా రాయించుకోవడం చిన్నతనమేమీ కాదు. కట్టిన డబ్బు తిరిగి రాదన్న బెంగే “మొదలుపెట్టారు కదా, ముగించెయ్యండి” అనిపిస్తుంది.

కోనసీమలో ఈ నిర్ణయాన్ని తేదీలు శాసించే ఇళ్లు చాలా. మలికిపురం, సఖినేటిపల్లి, రాజోలు చుట్టుపక్కల ఊళ్ల నుంచి కువైట్, మస్కట్, దుబాయి ఇళ్లలో పనికి వెళ్లిన స్త్రీ ఒకటి రెండు నెలల సెలవు మీద వచ్చి, హెర్నియా, జారిన పొట్ట, బరువైన జబ్బలు అన్నీ ఒకేసారి ముగించుకుని విమానం ఎక్కాలనుకుంటుంది. అరవై రోజుల సెలవును వెనకనుంచి లెక్కపెడితే ఆమెకు దొరికేది ఇది. పొట్ట ఆపరేషన్ తర్వాత కనీసం పది రోజులు విమానం ఎక్కవద్దని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం ప్రయాణికులకు చెబుతుంది, ఇంత పెద్ద కోతకు సర్జన్లు నెల పైనే అడుగుతారు. బరువులెత్తకూడని కాలం ఆరు వారాలు, ఆమె ఉద్యోగమేమో బరువులెత్తడమే. రక్తహీనత సరిచేయడానికి సెలవులో చోటు లేదు, ఇనుము అక్కడే మూడు నెలల ముందు మొదలుపెట్టి, పరీక్ష కాగితాలు ఫోనులో ముందే పంపాలి. వచ్చిన మొదటి వారంలో గుండె, చక్కెర, రక్తం పరీక్షలూ మత్తు వైద్యుని సంప్రదింపూ. పన్నెండో రోజుకు ఆపరేషన్. ఆసుపత్రి ఉన్న ఊళ్లోనే వారం బస. డ్రెయిన్ తీశాకే వంతెన దాటడం. నీరు తిరిగి చేరితే సూదితో తీయించుకోవడానికి ఇంకో రెండు వారాలు చేతిలో ఉంచుకోవడం. ఆ లెక్కలో హెర్నియా, పొట్ట కలిసి ఇముడుతాయి. జబ్బలు ఇమడవు, వాటిని వచ్చే సెలవుకు రాసి పెట్టుకోవాలి.